నాటింగ్‌హాం కోటను కాపాడిన కర్నల్ హచిన్‌సన్

ఇంగ్లండు అంతర్యుద్ధం అనగానే చరిత్ర చదువుకొన్న వారికి రెండు పేర్లు గుర్తుకు వస్తాయి. ఒకటి తల పోగొట్టుకొన్న రాజు మొదటి చార్లెస్. రెండవది ఆ రాజు సైన్యాన్ని ఓడించి, తరువాత తానే దేశాన్ని ఏలిన ఆలివర్ క్రాంవెల్. ఆ ఇద్దరి కథ చదివితే యుద్ధమంతా పెద్ద మైదానాలలో పెద్ద సేనల మధ్య జరిగినట్లు తోస్తుంది. నిజానికి ఆ యుద్ధం జిల్లా జిల్లాలో, ఊరూరా, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో జరిగింది. అటువంటి ఒక జిల్లాలో పార్లమెంటు పక్షాన నిలిచి, ఒక పాత కోటను మూడేళ్ళు కాపాడి, ఆ జిల్లా ప్రతినిధిగా పార్లమెంటుకు వెళ్ళి, చివరకు సముద్రపు ఒడ్డున చెరలో కన్నుమూసిన కర్నల్ జాన్ హచిన్‌సన్ జీవితాన్ని ఈ సంచికలో మన పాఠకులకు పరిచయం చేయదలచాము.

మన ఉత్సవ సంచికలో ఇంగ్లండు పెద్దమనిషి కథ ఎందుకని కొందరు అడుగవచ్చు. మనవారు స్థిరపడిన అనేక దేశాలలో నడుస్తున్న పార్లమెంటు పద్ధతి ఆ పోరాటం నుంచే రూపు దిద్దుకొన్నది. ప్రజల సమ్మతి లేనిదే పన్ను వేయరాదన్న మాట మనకిప్పుడు అతి సామాన్యంగా వినిపిస్తుంది. ఆ మాట కొరకు ఎవరు ఏమి పోగొట్టుకొన్నారో మన పిల్లలు తెలుసుకోవాలి. ఇంకొక కారణం కూడా ఉన్నది. హచిన్‌సన్ కథ ఈనాటికి నిలిచి ఉండడానికి కారణం ఆయన భార్య తన బిడ్డల కొరకు వ్రాసి ఉంచిన ఒక పుస్తకం. దాని సంగతి చివర చెప్పుకొందాము.

పుట్టుక, చదువు, పెళ్ళి

జాన్ హచిన్‌సన్ 1615 సెప్టెంబరులో నాటింగ్‌హాంలో పుట్టాడు. తండ్రి సర్ థామస్ హచిన్‌సన్ ఆ జిల్లాలో ఔథార్ప్ అనే గ్రామానికి భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. తల్లి మార్గరెట్, న్యూస్టెడ్‌లోని బైరన్ వంశపు ఆడపడుచు. తరువాతి కాలంలో మహాకవిగా పేరు పొందిన లార్డ్ బైరన్ పుట్టినది ఆ వంశంలోనే. జాన్ పసివాడుగా ఉండగానే తల్లి చనిపోయింది. తండ్రి మరల పెళ్ళి చేసుకొన్నాడు. ఆ రెండవ కాపురపు బిడ్డల సంగతి ఈ కథలో ముందు వస్తుంది, గుర్తుంచుకొనవలెను.

జాన్ నాటింగ్‌హాం, లింకన్ పట్టణాల బడులలోను, కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలలోను చదివి 1634లో పట్టభద్రుడయ్యాడు. తరువాత లండనులో న్యాయశాస్త్రం చదవడానికి చేరాడు గాని, దానిపై మనసు నిలువలేదు. సంగీతమంటే ప్రీతి. వయోల్ అనే తంత్రీవాద్యం చక్కగా వాయించేవాడు. ఆ సంగీతమే ఆయనకు పెళ్ళి సంబంధం కుదిర్చిందని చెప్పవచ్చు. లండను దగ్గర రిచ్మండ్‌లో ఒక సంగీత విద్వాంసుని ఇంట బస చేసినప్పుడు, అక్కడ ఉన్న ఒక చిన్నపిల్ల తన అక్కగారి గదిని చూపించింది. ఆ గదిలో లాటిన్ పుస్తకాలు కనబడ్డాయి. ఇవి ఎవరివని అడిగితే అక్కవేనని తెలిసింది. ఆడపిల్లలకు లాటిన్ చెప్పించడం అరుదైన ఆ రోజులలో ఈ సంగతి ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. మనిషిని చూడకముందే ఆమె చదువు మీద గౌరవం పుట్టింది.

ఆమె పేరు లూసీ ఆప్స్‌లీ. తండ్రి సర్ అలెన్ ఆప్స్‌లీ లండన్ టవర్ కోటకు అధికారి కావడం వలన లూసీ 1620లో ఆ కోటలోనే పుట్టింది. నాలుగేళ్ళకే చదవడం నేర్చింది. లాటిన్‌లో అన్నదమ్ములను మించింది. 1638లో పెళ్ళి నిశ్చయమైన తరువాత ఆమెకు మశూచి సోకింది. ప్రాణం దక్కింది గాని ముఖమంతా మచ్చలు పడింది. చూసినవారు జంకారు. వరుడు మాత్రం ఆమె గది దాటి రాగలిగిన వెంటనే, 1638 జూలై 3వ తేదీన, లండనులో పెళ్ళి చేసుకొన్నాడు. కాలక్రమంలో మచ్చలు తగ్గిపోయినవి. 1639లో వారికి కవల మగపిల్లలు పుట్టారు. ఆ సంవత్సరమే మన దామెర్ల వంశపు నాయకుడు చెన్నపట్నంలో కోట కట్టుకొనడానికి ఇంగ్లీషు కంపెనీకి స్థలమిచ్చాడు. ఇక్కడ ఇంగ్లీషువారు కోట కట్టుకొంటుండగా అక్కడ వారి దేశంలో కోటల కొరకు తమలో తాము కొట్టుకొనే రోజులు దగ్గరపడుతున్నాయి.

యుద్ధం గుమ్మంలోకి వచ్చినది

చార్లెస్ రాజు 1629 నుంచి 1640 వరకు పార్లమెంటును పిలువకుండానే పరిపాలించాడు. ధనం కావలసినప్పుడల్లా పాత హక్కులను తవ్వి తీసి పన్నులు వేశాడు. తీర గ్రామాలు ఓడల కొరకు చెల్లించే పన్నును సముద్రమే చూడని లోనాటి జిల్లాలపైన కూడా వేశాడు. మత విషయంలో ప్రజలకు ఇష్టం లేని ఆచారాలను చర్చిలలో ప్రవేశపెట్టాడు. స్కాట్లండుతో యుద్ధం తెచ్చుకొని ఖజానా ఖాళీ అయిన తరువాత, 1640లో పార్లమెంటును పిలువక తప్పలేదు. 1642 జనవరిలో ఐదుగురు సభ్యులను పట్టుకొనడానికి సాయుధులతో రాజే స్వయంగా సభలోకి వెళ్ళడంతో రెండు పక్షాల మధ్య నమ్మకం పూర్తిగా చెడిపోయింది.

హచిన్‌సన్ అప్పటికి భార్యాపిల్లలతో ఔథార్ప్‌లో కాపురముంటున్నాడు. ఎవరిది న్యాయమో తేల్చుకొనడానికి రెండు పక్షాల వారి ప్రకటనలు, వాదాలు తెప్పించుకొని చదివాడు. పార్లమెంటుదే న్యాయమని మనసుకు తోచింది. అయినా కత్తి పట్టే ఉద్దేశం అప్పటికి లేదు. 1642 వేసవిలో ఒకనాడు నాటింగ్‌హాం వెళితే, జిల్లాకు రాజప్రతినిధి అయిన లార్డ్ న్యూఆర్క్, షెరీఫుతో కలిసి, జిల్లా రక్షణ కొరకు నిలువచేసిన తుపాకిమందును రాజుగారి కొరకు తూకం వేయించుకొంటున్నాడు. ఆ మందు ప్రజల సొమ్ము. హచిన్‌సన్ ఒంటరిగా మేడ మీదికి వెళ్ళి, మర్యాద తప్పకుండా, జిల్లావారి రక్షణ సామగ్రిని జిల్లాలోనే ఉంచవలసిందని కోరాడు. ఈలోగా కింద గ్రామీణులు గుంపుగా చేరి ఆవేశపడుతున్నారు. లార్డుగారు మందును వదిలి వెళ్ళిపోయాడు. అప్పటికి హచిన్‌సన్ వయసు 26 ఏళ్ళు. ఆయన రాజకీయ జీవితానికి ఆ మధ్యాహ్నమే నాంది.

ఆ తరువాత ఆయనను పట్టుకొమ్మని ఉత్తరువు వచ్చింది. ఇల్లు విడిచి పొరుగు జిల్లాలో తలదాచుకొన్నాడు. 1642 ఆగస్టు 22న రాజు నాటింగ్‌హాంలోనే తన యుద్ధధ్వజం ఎత్తాడు. అంతర్యుద్ధం లాంఛనంగా మొదలైనది హచిన్‌సన్ పుట్టిన ఊరిలోనే. రాజసైన్యం పడమటికి కదిలిపోయిన తరువాత పార్లమెంటు పక్షంవారు పట్టణాన్ని చేతిలోకి తీసుకొన్నారు. హచిన్‌సన్ వారితో చేరి కర్నల్ ఫ్రాన్సిస్ పియర్‌పాంట్ దళంలో ఉపసేనాని అయ్యాడు. ఆ పియర్‌పాంట్ ఎవరో కాదు, తుపాకిమందు కొరకు వచ్చిన లార్డ్ న్యూఆర్క్‌కు స్వయానా తమ్ముడు. హచిన్‌సన్ మేనమామ వరస బైరన్‌లందరూ రాజు పక్షం. లూసీ సోదరుడు కూడా రాజు పక్షమే. పండుగకు ఒక బల్ల దగ్గర కూర్చొని తిన్న బంధువులు రెండుగా చీలిపోయారు.

కోట బాధ్యత

1643 జూన్ 29న హచిన్‌సన్‌ను నాటింగ్‌హాం కోటకు గవర్నరుగా నియమించారు. గొప్ప పదవిలాగా వినిపిస్తుంది గాని, అప్పటికి ఆ కోట ఎత్తైన రాతిగుట్ట మీద శిథిలమై ఉన్నది. గోడలు కూలినవి. తిండిగింజలు లేవు, డబ్బు లేదు. సుమారు ఇరవై మైళ్ళ దూరాన న్యూఆర్క్ పట్టణంలో రాజు పక్షపు బలమైన దండు ఉన్నది. ఉత్తరదేశమంతా రాజసేనాని న్యూకాసిల్ ప్రభువు చేతిలో ఉన్నది. ట్రెంట్ నది మీది వంతెన నాటింగ్‌హాం పక్కనే ఉండడం వలన, ఆ కోట ఎవరి చేతిలో ఉంటే ఉత్తర దక్షిణాల దారి వారి చేతిలో ఉన్నట్లే.

కొద్దిపాటి బలంతో ఊరిని, కోటను రెంటినీ కాపాడడం సాధ్యం కాదని గ్రహించి, ఆయన ఊరిలోని ఫిరంగులను కోట మీదికి చేర్పించాడు. ఊరివారికి మండిపోయింది. తమను గాలికి వదిలివేశాడని తిట్టారు. ఆ అనుమానం తుదివరకు పోలేదు. అదే సంవత్సరం ఆగస్టులో తండ్రి చనిపోయాడు. తన ఇష్టప్రకారం పంచగలిగిన ఆస్తినంతా ఆయన రెండవ భార్య బిడ్డల పేర వ్రాశాడు. యుద్ధం వలన ఔథార్ప్ ఇల్లు దోపిడీ అయినది. గవర్నరు ఇంట ధనం లేదు. సైనికుల జీతాలకు అప్పు చేయవలసి వచ్చింది.

అటువంటి సమయంలోనే ప్రలోభం ఎదురైనది. కోటను అప్పగిస్తే 10,000 పౌండ్లు ఇస్తామని, ప్రభువు బిరుదు కూడా ఇప్పిస్తామని న్యూకాసిల్ ప్రభువు తరఫున కబురు వచ్చింది. ఆ రోజులలో ఆ సొమ్ముతో పెద్ద జమీనే కొనవచ్చు. హచిన్‌సన్ తిరస్కరించాడు. అంతటితో ఊరకొనక, ఆ కబురును దాచకుండా పార్లమెంటుకు తెలియజేశాడు. మేనరికపు బంధువు సర్ రిచర్డ్ బైరన్ కూడా రక్తసంబంధం ఎత్తి నచ్చజెప్పబోయాడు. తనలో బైరన్ రక్తం ఉన్నందువల్లనే నమ్మి అప్పగించినదానిని అమ్ముకొనలేనని ఆయన జవాబు పంపాడు.

1643 సెప్టెంబరులో ఆ రిచర్డ్ బైరనే దాదాపు 600 మందితో రాత్రివేళ పట్టణంలోకి వచ్చి పడ్డాడు. ఊరిలోనివారే కొందరు దారి ఇచ్చారు. సైనికులలో ఎక్కువమంది ఊరిలో తమ ఇళ్ళలో పడుకొని ఉన్నందున చాలామంది పట్టుబడ్డారు. కోటలో మిగిలినది సుమారు 80 మంది. ఐదు రోజులు వారు నిలిచారు. పొరుగు జిల్లాల నుంచి సాయం వచ్చిన తరువాత శత్రువులను వెళ్ళగొట్టారు. 1644 జనవరిలో మంచు దట్టంగా పడిన రోజులలో మరల పెద్ద దాడి జరిగింది. శత్రువులు వీధులలోకి వచ్చి, ఎదురుదెబ్బ తిని, మంచు మీద నెత్తుటి జాడలు వదిలి పారిపోయారు. మరికొద్ది వారాలకు న్యూఆర్క్ సైనికులు కొందరు సంతకు వచ్చే రైతుల వేషంలోను, ఆడవేషంలోను, బట్టలలో ఆయుధాలు దాచుకొని వంతెన దాటబోయి పట్టుబడ్డారు.

కోటలో వైద్యుడు లేనప్పుడు గాయపడినవారికి కట్లు కట్టినది లూసీ. ఆమె తల్లికి ఆ విద్య వచ్చిన తీరు చెప్పుకోదగినది. లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్న సర్ వాల్టర్ రాలీ అక్కడ చేసిన రసాయన ప్రయోగాలకు లూసీ తల్లి ధనసాయం చేసి, మందులు తయారుచేయడం నేర్చుకొన్నది. తల్లి నుంచి కూతురికి వచ్చిన ఆ చేతివైద్యం యుద్ధంలో పనికి వచ్చింది. ఒకసారి రక్తం కారుతున్న శత్రుఖైదీలను చెరకు తీసుకుపోతుంటే ఆమె ఆపి వారికి కూడా కట్లు కట్టింది. దేవుని శత్రువులకు ఉపచారమేమిటని ఒక కెప్టెన్ కోపపడ్డాడు. తోటి మనుషులుగా అది తన విధి అని ఆమె అతనికి చెప్పింది. భర్త ఆమె చేసిన పనిని తప్పుపట్టలేదు.

సొంత పక్షంతో కలహం

బయటి శత్రువుకంటె హచిన్‌సన్‌ను ఎక్కువగా వేధించినది సొంతపక్షం వారి కలహం. జిల్లా పరిపాలన కొరకు పార్లమెంటు ఒక కమిటీని ఏర్పరచింది. పన్ను వసూలు, గుర్రపు దళం మీద అధికారం, ఊరి కాపలా మీద అధికారం గవర్నరువా, కమిటీవా అని ప్రతిదానికి తగువు. ఆయన శత్రుబంధువుల పట్ల మెతకగా ఉంటాడని ఒక ఫిర్యాదు. మతంలో తీవ్రవాదులకు చోటు ఇస్తాడని ఇంకొకటి. వ్యవహారం లండను దాకా పోయింది. గవర్నరు తన పక్షం చెప్పుకొనడానికి నెలల తరబడి అక్కడ కూర్చోవలసి వచ్చింది. ఆయన లండనులో ఉండగానే 1645లో న్యూఆర్క్ దండు ట్రెంట్ వంతెన దగ్గరి బురుజును పట్టుకొన్నది. ఊరి పెద్దలు తమలో తాము పోట్లాడుకొంటే శత్రువుకు ఎంత సులువో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఈ కలహాల గురించి మనకు విపులంగా తెలిసినది ఆయన భార్య వ్రాసినదాని వలన. అందులో భర్త ఎప్పుడూ ఒప్పు, ఎదుటివారు తరచుగా తప్పు. ఆయన కోపిష్టి అని, మాట పట్టింపు ఎక్కువని ఆమె కూడా కొంత ఒప్పుకొన్నది. రెండువైపుల మాటా విని ఉంటే చిత్రం వేరుగా ఉండవచ్చు.

1645 నవంబరులో షెల్ఫర్డ్ కోట ముట్టడిలో ఆయన ముందువరుసలో గోడ ఎక్కాడు. ఆ కోటను కాపాడుతున్న ఫిలిప్ స్టాన్‌హోప్ తన సవతి తల్లికి సొంత మేనల్లుడు. లొంగిపొమ్మని హచిన్‌సన్ ముందే కబురు పంపితే అతడు తిరస్కరించాడు. కోట పడిన తరువాత లోపలి సైనికులను చాలామందిని నరికివేశారు. స్టాన్‌హోప్ కూడా గాయాలతో చనిపోయాడు. పార్లమెంటు పక్షం చేసిన క్రూరకార్యాలలో ఇది ఒకటి. హచిన్‌సన్ కథను మెచ్చుకొనే వారు దీనిని దాటవేయరాదు.

1646 మార్చిలో తండ్రి స్థానంలో నాటింగ్‌హాంషైర్ ప్రతినిధిగా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మే నెలలో రాజు స్కాట్లండు సైన్యానికి లొంగిపోయాడు, న్యూఆర్క్ తలుపులు తెరిచింది. ఆ సంవత్సరమే జరిగిన ఇంకొక సంగతి ఆయన స్వభావాన్ని చూపుతుంది. కోటలోని ఫిరంగి సైనికులు కొందరు ప్రత్యేకంగా ప్రార్థనలు జరుపుకొంటున్నారని మతాధికారులు ఫిర్యాదు చేయగా, వారి గదిలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరాదని వాదించే కాగితాలు దొరికాయి. లూసీ అప్పుడు గర్భవతి. ఆమె ఆ కాగితాలు చదివి, బైబిలుతో పోల్చి చూచి, సందేహంలో పడింది. భర్త కూడా చదివాడు, పండితులను అడిగాడు, సమాధానం దొరకలేదు. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం చేయించలేదు. ఊరిలో నిన్న మిత్రులుగా ఉన్నవారు నేడు మొహం తిప్పుకొన్నారు.

రాజు మరణపత్రం మీద సంతకం

1649 జనవరిలో రాజును విచారించడానికి 135 మందిని న్యాయాధిపతులుగా నియమించారు. చాలామంది రాకుండా తప్పుకొన్నారు. హచిన్‌సన్ వెళ్ళాడు. ఎవరూ ఆయనను బలవంతపెట్టలేదు. ప్రార్థన చేసి, తన మనసును తాను పరీక్షించుకొని, మరణశాసనం మీద సంతకం చేశాడని భార్య వ్రాసింది. ఆ పత్రం మీద 59 సంతకాలున్నాయి. ఆయనది పదమూడవది. జనవరి 30న రాజు తల తీశారు.

తరువాత రెండేళ్ళు ఆయన రాష్ట్ర మండలిలో సభ్యుడుగా ఉన్నాడు. 1651లో నాటింగ్‌హాం కోటను ఆయన సమ్మతితోనే కూల్చివేశారు. ఆయన అంత శ్రమపడి కాపాడిన కోట అది. యుద్ధం అయిపోయింది, ఇక కోట ఉంటే ఎవడో ఒక అధికారికి ప్రజల మీద కత్తి అవుతుందని ఆయన అభిప్రాయం. 1653 ఏప్రిల్ 20న క్రాంవెల్ సైనికులను తెచ్చి పార్లమెంటును వెళ్ళగొట్టాడు. రాజు సాయుధులతో సభలోకి వచ్చినందుకు యుద్ధం చేసినవారు, ఇప్పుడు తమ సేనాని అదే పని చేస్తే ఏమనాలి? చాలామంది సర్దుకొని పదవులు తీసుకొన్నారు. హచిన్‌సన్ ఔథార్ప్‌కు తిరిగివచ్చాడు. ఇల్లు కట్టించి, చెట్లు నాటించి, ఊరి తగవులు తీర్చుతూ, బిడ్డలకు చదువు సంగీతం చెప్పిస్తూ గడిపాడు. రాజుగారి చిత్రాలను వేలం వేసినప్పుడు కొన్నిటిని కొన్నాడు. వాటిలో టీషియన్ గీసిన ఒక గొప్ప చిత్రం ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. క్రాంవెల్‌ను చంపడానికి కుట్ర జరుగుతున్నదని తెలిసినప్పుడు మాత్రం, అతడంటే ఇష్టం లేకపోయినా, హత్యను సహించలేక హెచ్చరిక పంపాడని లూసీ వ్రాసింది. క్రాంవెల్ సంతోషించి పదవి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ ఉత్తరం

1660లో రెండవ చార్లెస్ రాజు తిరిగి వచ్చాడు. తండ్రి మరణపత్రం మీద సంతకం చేసినవారికి ఉరి తప్పదని అందరికీ తెలుసు. కొందరు దేశం విడిచిపోయారు. ఆ అక్టోబరులో పదిమందిని అతి క్రూరంగా చంపారు. హచిన్‌సన్ పేర మాత్రం జూన్‌లోనే పార్లమెంటుకు ఒక ఉత్తరం చేరింది. తాను అనుభవం లేని వయసులో పొరపాటుపడ్డానని, పశ్చాత్తాపపడుతున్నానని అందులో ఉన్నది. రాజు పక్షపు బంధువులు, ముఖ్యంగా లూసీ సోదరుడు, ఆయన కొరకు గట్టిగా తిరిగారు. యుద్ధం ముగిసినప్పుడు ఆ బావమరిదిని హచిన్‌సన్ కాపాడి ఉన్నాడు. ఆ ఋణం ఇప్పుడు తీరింది. జూన్ 9న సభ ఆయనను సభ్యత్వం నుంచి తొలగించి, ఇక ఏ పదవికి పనికిరాడని తీర్మానించి, ప్రాణం, ఆస్తి వదిలివేసింది.

ఆ ఉత్తరం తానే వ్రాసి, భర్త చేవ్రాలు కూడా తానే పెట్టినట్లు లూసీ తరువాత వ్రాసింది. భర్త ప్రాణం దక్కించుకొనడానికి జీవితంలో ఒక్కసారి ఆయన మాట కాదన్నానని చెప్పుకొన్నది. చరిత్రకారులు కొందరు ఈ మాటను నమ్మలేదు. భర్త పరువు నిలపడానికి ఆమె నేరం తనపై వేసుకొన్నదని వారి ఊహ. ఏది నిజమైనా మనకు తెలిసేది ఒకటి. ఆ ఉత్తరం వలన దక్కిన ప్రాణం ఆయనకు హాయి ఇవ్వలేదు. తోటివారు ఉరికంబం ఎక్కుతుంటే తాను ఇంట కూర్చున్నందుకు కుమిలిపోయాడు. పాత సహచరులకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ప్రభుత్వం పిలిస్తే చెప్పలేదు. ఆ తిరస్కారంతో ఆయన మీద అనుమానం మరల మొదలైంది.

చెర, మరణం

1663 అక్టోబరులో ఒక రాత్రి సైనికులు ఔథార్ప్‌కు వచ్చి ఆయనను పట్టుకుపోయారు. ఉత్తరాన జరిగిందనే ఒక కుట్రలో పాలు ఉన్నదని నేరం మోపారు గాని విచారణ అనేది జరగలేదు. మొదట న్యూఆర్క్‌లోను, తరువాత లండన్ టవర్‌లోను ఉంచారు. లూసీ పుట్టి పెరిగిన కోటలోనే ఆమె భర్త ఖైదీ అయినాడు. 1664 మేలో కెంట్ తీరాన సాండౌన్ కోటకు మార్చారు. అది ఎనిమిదవ హెన్రీ కాలపు పాత కోట. సముద్రం పోటు వస్తే నీరు గోడల దాకా వచ్చేది. గదులు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. లూసీ, పెద్ద కూతురు దగ్గరి డీల్ పట్టణంలో బస చేసి రోజూ నడిచి వచ్చి చూసి పోయేవారు. తరువాత ఒడ్డున తిరగడానికి అనుమతి దొరికినప్పుడు ఆయన భార్యతోను, కూతురితోను గవ్వలు ఏరి, వాటిని రకరకాలుగా పేర్చి ఆనందించేవాడు. ఒక కోటను, ఒక జిల్లాను ఏలిన మనిషి గవ్వలతో పొద్దుపుచ్చాడు.

ఇంటి వ్యవహారాలు చూసుకొని బిడ్డలను తీసుకురావడానికి లూసీ ఔథార్ప్ వెళ్ళింది. ఆమె అక్కడ ఉండగానే ఆయనకు జ్వరం వచ్చి, 1664 సెప్టెంబరు 11న, 49 ఏళ్ళు నిండకముందే చనిపోయాడు. కడచూపు ఆమెకు దక్కలేదు. దేహాన్ని కెంట్ నుంచి స్వగ్రామానికి తెచ్చి ఔథార్ప్ చర్చిలో పూడ్చారు.

నాటింగ్‌హాం గుట్ట మీద ఇప్పుడు కనిపించే భవనం ఆయన కాపాడిన కోట కాదు. ఆ స్థలాన్ని కొని 1670ల దశకంలో దానిని కట్టడం మొదలుపెట్టినది న్యూకాసిల్ ప్రభువు. 10,000 పౌండ్లు ఇస్తానని కబురు పంపినది ఆయనే. సాండౌన్ కోటను చాలావరకు సముద్రం తినివేసింది. ఔథార్ప్ ఇల్లు కూడా లేదు.

మిగిలిన పుస్తకం

కోటలు, ఇల్లు పోయినా పుస్తకం మిగిలింది. భర్త పోయిన తరువాత కొద్ది సంవత్సరాలలోనే లూసీ ఆయన జీవితాన్ని వ్రాసింది. అచ్చు వేయించడం ఆమె ఉద్దేశం కాదు. తండ్రిని రాజద్రోహి అని లోకం పిలుస్తున్నప్పుడు ఆయన ఎటువంటివాడో బిడ్డలకు తెలియాలని వ్రాసింది. అప్పుల బాధ వలన ఔథార్ప్‌ను ఆమె అమ్మక తప్పలేదు. కొన్నవాడు భర్త సవతి తమ్ముడు చార్లెస్. 1681లో ఆమె చనిపోయింది. వ్రాతప్రతి చేతులు మారి చివరకు ఆ సవతి తమ్ముని వంశం వారి దగ్గర నిలిచింది. చరిత్ర వ్రాసే కాథరిన్ మెకాలే ప్రచురించమని అడిగినా, ఇంటి పెద్ద ఒకరు ఒప్పుకొనలేదు. రాజును చంపినవాని కథ బయటపెట్టడం వంశానికి మంచిది కాదని భయపడి ఉండవచ్చు. చివరకు 1806లో ఆ వంశంలోని జూలియస్ హచిన్‌సన్ అచ్చు వేయించాడు. నూటనలభై ఏళ్ళ తరువాత ఆ కథ లోకానికి తెలిసింది. ఇప్పుడు ఇంగ్లండు అంతర్యుద్ధం గురించి వ్రాసేవారు ఎవరూ ఆ పుస్తకం చూడకుండా వ్రాయరు.

తండ్రి ఆస్తి సవతి బిడ్డలకు పోయింది. ఆ బిడ్డల మనుమలే పెద్దాయన పేరును కాపాడారు. ఆ వ్రాతప్రతి ఏ తరంలోనైనా చెదలు పట్టి ఉంటే, ఏ కోడలైనా చెత్త కాగితాలని పొయ్యిలో వేసి ఉంటే, జాన్ హచిన్‌సన్ మనకు మరణపత్రం మీది పదమూడవ సంతకం మాత్రమే అయి ఉండేవాడు.

ఇది మన కుటుంబాలు ఆలోచించవలసిన విషయమని మా మనవి. ఓడలెక్కి వచ్చిన మన ముత్తాతల పేర్లు ఓడల పట్టికలలో, తోటల జాబితాలలో ఒక్క వరుసగా మిగిలాయి. ఊరిపేరు, తండ్రిపేరు, వయసు అంతే. వారు ఏ మాట మీద నిలబడ్డారో, ఎక్కడ తలవంచవలసి వచ్చిందో, ఎవరిని కాపాడారో ఆ పట్టికలు చెప్పవు. ఇంటిలో పెద్దలు ఉన్నంతవరకు చెప్పగలిగినవారు ఉన్నారు. లూసీ తన భర్త గొప్పతనంతోపాటు ఆయన పేర వెళ్ళిన ఆ ఉత్తరం సంగతి కూడా దాచకుండా వ్రాసింది. మన ఇళ్ళలో వ్రాసేవారు కూడా పెద్దలకు తలవంపు అనిపించిన సంగతులను తీసివేయకుండా వ్రాయవలెనని కోరుతున్నాము. ఏ భాషలో వ్రాసినా సరే, తెలుగులో వ్రాస్తే మరీ సంతోషం.